వార్తాపఠన సేవకు చందా యేల?

సంఘసభ్యులలో కొందరు యువకులు ఫోనులపై చదువుటకు చిన్న వార్తాపఠన సేవ నొకదానిని నెలకొల్పవలెనని తలంచుచున్నారు. తలంపు మంచిదే. కాని దానిని ఉచితముగా నీయవలెనను మాట మాకు సమ్మతము కాదు.

2005 సంవత్సరమున గూగుల్ సంస్థ రీడరు అను పేర నిట్టి సేవనే ఆరంభించెను. చదువరి తాను కోరిన పత్రికల పేర్లు చేర్చుకొన్నచో, వానిలోని క్రొత్త వ్రాత లన్నియు నొక్కచోటనే తేదీవరుసను కనబడుచుండెను. రుసుము లేదు. అలవాటుపడినవారు పెక్కురు. 2013 మార్చి 13వ తేదీన దానిని మూయుదుమని ప్రకటించి, జులై 1వ తేదీన మూసివేసిరి. చదువరుల సభ జరుగలేదు; వారికి వాటాయే లేదు గదా!

అమెరికాలో శామ్యూల్ క్లే అను నతడు తానొక్కడే న్యూస్‌బ్లర్ అను చిన్న సేవను నడుపుచుండెను. రీడరు మూతపడునని తెలియగనే జనము దానిపై విరుచుకుపడిరి. యంత్రములు తాళలేకపోగా అతడు కొంతకాలము ఉచితప్రవేశమును నిలిపి, చందా యిచ్చువారినే చేర్చుకొనెను. తూము కొలదియే ఆయకట్టు నుంచుకొనవలెనని మనకు వేరుగ చెప్పనక్కర లేదు. ఆ సేవ చందాలపైననే నిలిచినది.

ఇక పనితీరు. 1999లో వెలసిన ఆర్.ఎస్.ఎస్. పద్ధతి ననుసరించి పత్రికలు తమ క్రొత్త వ్రాతల జాబితాను ఫీడు అను పేర నుంచును. సేవయంత్రము తపాలా బంట్రోతువలె వానిచుట్టు తిరుగుచుండును. క్రొత్తగా నారంభించువారు మార్పు లేకున్నను గంటగంటకు జాబితా నంతయు మోసికొనివచ్చుచుందురు. పత్రికలవారు విసిగి ద్వారము మూయుదురు. గతమున ఆ పత్రిక యిచ్చిన గుర్తును చూపి అడిగినచో, క్రొత్తది లేనప్పుడు 304 అను సంఖ్య మాత్రమే బదులు వచ్చును, భారము తగ్గును. వేయిమంది చందాదారులకును ఒక్కమారు తెచ్చిన చాలును.

మెరుగు లన్నచో రంగులు, బొమ్మలు కావు. ఆగిపోయిన ఫీడును గూర్చి చదువరికి తెలుపవలయును. ఫోనున చదివినది కంప్యూటరునందు చదివినట్లే కనబడవలయును. అన్నిటికంటె ముఖ్యముగ, చదువరి తన పత్రికల జాబితాను ఓపీఎంఎల్ రూపమున తీసికొని వేరొక సేవకు పోగల వీలు మొదటి దినముననే యుండవలయును. రీడరు మూతపడిన నాడు చదువరులు తమ జాబితాలను దక్కించుకొన్నది ఆ వీలుచేతనే.

నకళ్లు వేరుగ భద్రపరచుట మరువరాదు. 2021 జూన్ నెలలో న్యూస్‌బ్లర్ వారు యంత్రములు మార్చుచుండగా ద్వారమొకటి తెరచియుండుటచే దుండగుడు చొరబడి దత్తాంశమును చెరిపివేసెను. పాత యంత్రమందలి ప్రతి యింకను చెక్కుచెదరక యుండుటచే కొన్నిగంటలలోనే సేవ మరల నడచెను.

చందా యన్న సభ్యులు చేరరని కొందరందురు. ఎరువుల గిడ్డంగికి వాటాధనమిచ్చిన సభ్యులు దీనికి మాత్రమేల యీయరు? తొలుత ఏబదిమందితో నారంభింపుడు. యంత్రపు అద్దె యెంత, వసూలైన చందా యెంత అను లెక్కను సంఘపు తక్కిన లెక్కలతోపాటు సర్వసభ్యసమావేశమున చదివి వినిపింపుడు. చాలకున్నచో చందా పెంచుటయో, సేవ నాపుటయో సభ్యులే తీర్మానింతురు.