సంపాదకుని పేరు – సహృదయుల చదువు

1985లో హైదరాబాదున స్థాపితమైన తెలుగు విశ్వవిద్యాలయమునకు సురవరం ప్రతాపరెడ్డిగారి పేరు పెట్టుటకు 2025లో తెలంగాణ శాసనసభ ఆమోదము తెలిపినది. పేరు మార్పును గూర్చి జరిగిన వాదోపవాదములు ఇచట ప్రస్తుతము కావు. ఒక విద్యాపీఠము పత్రికా సంపాదకుని పేరు ధరించినప్పుడు, ఆ పేరు మన నుండి ఏమి కోరుచున్నదో విచారించుటయే ఈ వ్యాసమున ఉద్దేశము.

ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను ప్రారంభించిరి. తెలంగాణమున కవులు పూజ్యమని ఒకరు వ్రాయగా, వారు కోపముతో ప్రత్యుత్తరము వ్రాసి ఊరకుండలేదు. ఊరూరి కవులనుండి పద్యములను, జీవిత వివరములను సేకరించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. దీనిని ఒక ఆక్షేపణకు సమాధానముగా చెప్పుట వాడుక. అది నిజమే. కాని అంతకు మించిన ప్రయోజనము మరియొకటి కలదు. తన పల్లెలో తానొక్కడే పద్యము వ్రాయుచున్నాననుకొన్న కవికి, పొరుగు తాలూకాలో తనవంటివాడు మరియొకడున్నాడని ఆ సంచిక పుటలే తెలిపియుండును. సంపాదకత్వమనగా తప్పులు దిద్దుట మాత్రమే కాదు. ఒకరినొకరెరుగని సహృదయులను ఒక్కచోట చేర్చుట కూడ.

ఈ చరిత్రతో మన ప్రాంతమునకు సంబంధము లేకపోలేదు. 1930లో ప్రథమాంధ్ర మహాసభ జోగిపేటలో ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతననే జరిగినది. నాడు మెదక్ జిల్లాలోని ఆ ఊరు 2016 నాటి విభజనతో సంగారెడ్డి జిల్లాలో చేరినది. 1943లో స్థాపితమైన ఆంధ్ర సారస్వత పరిషత్తు తెలుగు పరీక్షలు నిర్వహించి, ఉర్దూ మాధ్యమమున చదివినవారికి సైతము మాతృభాషాధ్యయనమునకు దారి చూపినది. వయసు మీరిన పిదప మరల చదువుట మనకు క్రొత్త కాదు.

నేటి స్థితి యెట్లున్నది? వ్రాయువారికి కొరత లేదు. చేతిలో ఫోనున్న ప్రతివాడును ప్రకటనకర్తయే. సొంత ఖర్చుతో పుస్తకము వేసికొను ఉపాధ్యాయులను మన జిల్లాలో అనేకులను ఎరుగుదును. ఆవిష్కరణ సభ జరుగును, శాలువలు కప్పుదురు, ప్రతులు పంచుదురు. కాని అచ్చునకు పోకముందు ఆ పుస్తకమును శ్రద్ధగా చదివిన రెండవ మనిషి ఎవ్వరును ఉండరు. చెరువులను గూర్చి, కులవృత్తులను గూర్చి మరెవ్వరికిని తెలియని విషయములు అందులో ఉండవచ్చును. అచ్చుతప్పుల నడుమ, అనవసర విశేషణముల నడుమ అవి కనుమరుగగుచున్నవి. నష్టపోవునది రచయిత ఒక్కడే కాదు, ఈ ప్రాంతపు జ్ఞాపకము.

ముప్పది యేండ్లు జవాబు పత్రములు దిద్దినందున దిద్దుబాటు నాకు తెలియుననుకొంటిని. యాభై దాటిన పిదప రచన, సంపాదకత్వములను అభ్యసింపవలెనను కోరికతో మరల విద్యార్థినైతిని. నాతోడివారు అయిదుగురు: విశ్రాంతి పొందిన ప్రధానోపాధ్యాయుడొకరు, ఒక నర్సు, ఒక గుమాస్తా, ఇద్దరు డిగ్రీ విద్యార్థులు. మొదటి సమావేశమున నా వ్యాసమును ఆ విద్యార్థులలో ఒక అమ్మాయి చదివి, “సార్, మీ మాట రెండవ పుటలో మొదలైనది” అనెను. మొదటి పుటను కొట్టివేసినది. ఆ రాత్రి బాధ కలిగినది. మరునాడు చదువగా ఆమె చెప్పినదే సత్యమని తోచినది. మార్కులు వేయుట వేరు, వ్రాసినవాని ఉద్దేశమును పట్టుకొని వాక్యమును సరిచేయుట వేరు అని నాకప్పుడు బోధపడినది.

దూరవిద్య పాఠములు నియమములను నేర్పగలవు. ఈ రెండవ కన్నును ఇంటికి పంపజాలవు. కావున విశ్వవిద్యాలయము, జిల్లా గ్రంథాలయములు కలిసి జిల్లాకొక నెలవారీ పరిష్కరణ గోష్ఠిని నెలకొల్పుట సాధ్యమే. దానికి భవనము అక్కరలేదు. ఒక బల్ల, పది కుర్చీలు, వచ్చినవారి చిత్తుప్రతులు చాలును. ఒకరి రచనను మరియొకరు దిద్దవలెను. ఏడాది చివర ఎన్నిన రచనలతో ఒక సంచిక వెలువడవలెను. పాఠశాలలలో గోడపత్రిక బాధ్యతను విద్యార్థులకే అప్పగించిన, ఈ అభ్యాసము పదమూడవ యేటనే ఆరంభమగును.

ఒక్క ప్రమాదమును మరువరాదు. స్నేహము పెరిగినకొలది గోష్ఠులు పరస్పర ప్రశంసాసభలుగా మారుట చూచుచునే యున్నాము. చప్పట్లు కొట్టువారు ఎచటనైనను దొరకుదురు. వాక్యము బాగులేదని చెప్పియు, మరుసటి నెల మన ప్రక్క కుర్చీలోనే కూర్చుండువాడు సహృదయుడు. అట్టివారిని వెదకుటకు ప్రతాపరెడ్డిగారికి ఒక పత్రిక కావలసివచ్చినది. ఉపాధ్యాయులారా, విద్యార్థులారా, మనకు వచ్చే ఆదివారము ఒక గంట చాలును. చిత్తుప్రతిని వెంట తెచ్చుట మాత్రము మరువకుడు.