బొమ్మలో బుట్టెడు, పళ్లెంలో పిడికెడు

హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి గుత్తి, అనంతపురం, పెనుకొండల మీదుగా సాగుతుంది. ఆ దారి పక్కన హోటళ్ల ముందు, పట్టణాల్లో బస్టాండ్ల చుట్టూ ఇటీవల ఒక బొమ్మ తరచుగా కనిపిస్తున్నది. కాగితపు పొట్లంలో నిటారుగా నిలబడిన బంగారు రంగు ఉర్లగడ్డ ముక్కలు, పక్కన ఎర్రని సాసు గిన్నె. వీటినే ఫ్రెంచ్ ఫ్రైస్ అంటున్నారు. గోడ మీద, బల్ల మీది మెనూ కార్డులో, సెల్‌ఫోన్‌లో ఎక్కడ చూసినా అదే బొమ్మ. చూసినవారికి నోరూరక మానదు. అయితే బొమ్మలో ఉన్నదానికీ, పళ్లెంలో వచ్చేదానికీ ఉన్న తేడా గురించి ఆలోచించవలసిన సమయం వచ్చింది.

పల్లెల నుంచి జిల్లా కేంద్రానికి వచ్చేవారు ఊరికే రారు. ఆస్పత్రి పని, కోర్టు పని, బ్యాంకు పని, కాలేజీలో చేరిక ఇలా ఏదో ఒక అవసరం ఉంటుంది. వెంట పిల్లలుంటారు. వారు బొమ్మ మీద వేలు పెట్టి ‘అది కావాలి’ అంటారు. తండ్రి కాదనలేడు. వంద రూపాయలకు అటూ ఇటూగా ధర. తీరా వచ్చేది మెత్తబడి వంగిపోయిన పిడికెడు ముక్కలు. ఉపాధి హామీ పథకం కింద 2024-25లో మన రాష్ట్రానికి కేంద్రం ప్రకటించిన రోజు కూలి 300 రూపాయలు. అంటే ఆ పళ్లెం ఖరీదు రోజు కూలిలో మూడో వంతు. వాన నమ్ముకుని వేరుశనగ వేసి, పంట పోతే కూలికి పోయే కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు.

మరొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడేళ్లు, ఆపై వయసు వారిలో నూటికి దాదాపు 36 మందికి చదువు రాదు. చదువు వచ్చినవారు ధర చూస్తారు, వివరం చదువుతారు, ఎన్ని ముక్కలు వస్తాయని అడుగుతారు. చదువు రానివారికి బొమ్మే సమాచారం, బొమ్మే హామీ. తెలుగు తెలియని పరాయి ప్రాంతపు లారీ డ్రైవరుకైనా అంతే. కాబట్టి మెనూలో బొమ్మ ఉండటం మంచిదే. ఆ బొమ్మ నిజం చెప్పకపోవడమే ఇబ్బంది.

ఆ ఫోటో ఎలా తయారవుతుందో తెలిస్తే సగం భ్రమ తొలగుతుంది. నూనెలోంచి తీసిన కొద్ది నిమిషాలకే ఈ ముక్కలు మెత్తబడతాయి. లోపలి తడి ఆవిరిగా బయటికి వచ్చి పైపొరను నానబెట్టడమే కారణం. అందుకే ఫోటోగ్రాఫరు ముందుగా దీపాలు, కెమెరా సర్దుకుని, ఉత్త పళ్లెం పెట్టి సరిచూసుకుంటాడు. ఆఖరున వేడి వేడి ముక్కలు తెప్పిస్తాడు. బోలెడన్ని వేయించి, వాటిలో పొడవైనవి, నిటారైనవి, మచ్చ లేనివి ఏరుతారు. వెనుక నుంచో పక్క నుంచో వెలుతురు పడనిస్తే అంచులు బంగారంలా మెరుస్తాయి. చివర్లో ఉప్పు చల్లుతారు. ఇంతవరకు తప్పు పట్టవలసింది లేదు. పెళ్లిచూపులకు పిల్లకు మంచి చీర కట్టినట్లే ఇది కూడా.

తప్పు ఆ తర్వాత మొదలవుతుంది. పొట్లం అడుగున కాగితం కుక్కి, పైన నాలుగు వరుసలు నిలబెడితే నిండుగా కనిపిస్తుంది. కెమెరాను కిందికి దించి దగ్గరగా తీస్తే పిడికెడు ముక్కలు బుట్టెడు అవుతాయి. పైన పటారం, లోన లొటారం అనే సామెత ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. అలంకారం వేరు, లేనిదాన్ని ఉన్నట్లు చూపడం వేరు.

ఈ తేడాను అమెరికా ప్రభుత్వం యాభై ఏళ్ల కిందటే గుర్తించింది. క్యాంప్‌బెల్ అనే సూపు కంపెనీ ప్రకటనల కోసం ఫోటోలు తీసినప్పుడు గిన్నె అడుగున గాజు గోలీలు వేశారు. కూరగాయ ముక్కలు మునిగిపోకుండా పైకి తేలి, సూపు చిక్కగా కనిపించింది. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దీన్ని తప్పుపట్టగా, 1970లో కంపెనీ ఆ పద్ధతి మానుకోక తప్పలేదు. గోలీలు తినేవి కావు, సూపు కల్తీ కాలేదు, ఎవరి ఆరోగ్యమూ చెడలేదు. అయినా కొనేవారిని మభ్యపెట్టినందుకే అది తప్పయింది.

మన దగ్గర జరుగుతున్నది ఒక విధంగా దీనికన్నా విచిత్రం. చాలా చిన్న హోటళ్లలో గోడ మీది బొమ్మ ఆ హోటలుది కానే కాదు. ఫ్లెక్సీ కొట్టులో ఇంటర్నెట్ నుంచి తీసి అచ్చువేసినది. ఏ దేశంలోనో, ఏ వంటగదిలోనో తీసిన ఫోటో. గుత్తిలోనూ అదే, హిందూపురంలోనూ అదే. ఆ బొమ్మలోని పదార్థాన్ని హోటలు యజమాని కూడా ఎన్నడూ చూసి ఉండడు. ఇందులో అందరికీ దురుద్దేశం ఉందనలేము. చవకగా పని అయిపోతుందనే ఆలోచనే ఎక్కువ. కానీ నష్టపోయేది మాత్రం డబ్బు ఇచ్చినవాడే.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ప్రకారం ప్రకటన అంటే పత్రికల్లో వచ్చేది మాత్రమే కాదు. అచ్చు ద్వారా గాని, వెలుతురు ద్వారా గాని, ఇంటర్నెట్ ద్వారా గాని కంటికి చూపే ప్రచారం కూడా ఆ నిర్వచనంలోకి వస్తుంది. ఆహారం స్వభావం, నాణ్యతల గురించి తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా ఇటువంటి ప్రకటనలను నిషేధించింది. అయితే పళ్లెం ముక్కల కోసం కోర్టుకు ఎక్కే తీరిక పల్లెటూరి మనిషికి ఉండదు. అందుచేత ముందు మారవలసింది హోటళ్లవారే.

మారడానికి పెద్ద ఖర్చు అక్కరలేదు. తమ వంటగదిలో చేసినదాన్ని, రోజూ వడ్డించే పళ్లెంలోనే, రోజూ ఇచ్చేంత కొలతతోనే పెట్టి ఫోటో తీయించాలి. సెల్‌ఫోన్ అయినా చాలు. మన ప్రాంతపు మిట్టమధ్యాహ్నపు ఎండలో తీస్తే నీడలు నల్లగా పడి, నూనె మరకలా మెరుస్తుంది. ఉదయం పూట వరండా నీడలోనో, వాకిలి దగ్గరో పళ్లెం పెట్టి, వెలుతురు ఒక పక్క నుంచి పడేలా చూసుకోవాలి. రెండో పక్క తెల్లని అట్టముక్క నిలబెడితే నీడ తేలికవుతుంది. ఫ్లాష్ వేయకూడదు. వేయించిన ఐదు నిమిషాల్లో పని ముగించాలి. బొమ్మ కింద ధరతో పాటు ఎన్ని గ్రాములో తెలుగులో రాయాలి. పెళ్లిళ్ల సీజను లేనప్పుడు ఖాళీగా ఉండే మన పట్టణాల ఫోటో స్టూడియోలకు కూడా ఇది కొంత పని కల్పిస్తుంది.

ఇంకొక మాట కూడా చెప్పుకోవాలి. మన ఉగ్గాని, మిరపకాయ బజ్జీలకు ఏ మెనూ కార్డులోనైనా ఇంత చక్కని ఫోటో ఉన్నదా? పసుపు రంగు బొరుగుల మీద కొత్తిమీర, పక్కన వేడి బజ్జీ, పప్పుల పొడి. సంగటి ముద్దకు, ఓళిగకు మాత్రం అందం తక్కువా? వాటిని తెల్లవారుజామునే లేచి చేసే చిన్న హోటళ్ల వారు, బండ్ల వారు మెనూ బొమ్మల్లో ఎక్కడా కనిపించరు. కంటికి కనిపించనిదాన్ని పిల్లలు అడగరు. మంచి వెలుతురు ఫ్రెంచ్ ఫ్రైస్ సొత్తు కాదు. బొరుగుల పళ్లెం మీద కూడా అది ఉచితంగానే పడుతుంది.

ఆహార భద్రతా అధికారులు తనిఖీకి వెళ్లినప్పుడు వంటగదితో పాటు గోడ మీది బొమ్మలను కూడా చూడటం అవసరం. హోటల్ యజమానుల సంఘాలు తమంతట తామే ఒక నియమం పెట్టుకుంటే మరీ మంచిది. వినియోగదారులు కూడా మొహమాట పడకూడదు. ఆర్డరు చెప్పేముందే ‘బొమ్మలో ఉన్నంత ఇస్తారా?’ అని అడగాలి. తేడా వస్తే మర్యాదగా చెప్పాలి. బిల్లు దాచుకుని, పళ్లేన్నీ మెనూ బొమ్మనూ పక్కపక్కన పెట్టి ఫోటో తీసుకోవాలి. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే ఫిర్యాదు చెప్పవచ్చు. అప్పటికీ పరిష్కారం కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది.

సంతలో కొర్రలు అమ్మేవాడు గంపలోని గింజనే పిడికిట పట్టి చూపుతాడు. వేరే ఊరి గింజ చూపి తన గింజ అమ్మడు. హోటలు గోడ మీది బొమ్మకు కూడా అదే ధర్మం వర్తించాలి.