పద్దు లేని బిల్లు వద్దు

అమెరికాలో చార్టర్ బడుల సంఖ్య పెంచాలని ఏ రాష్ట్ర శాసనసభలో బిల్లు వచ్చినా అందులో ముందు చూడాల్సింది ఒక్కటే: పిల్లలు వెళ్లిపోయిన పాత బడి ఖర్చు ఎవరు భరిస్తారు? ప్రభుత్వ సొమ్ముతో, సొంత యాజమాన్యంతో నడిచే ఈ బడులకు 1991లో మిన్నెసోటా తొలి చట్టం చేసింది. వాటి మేలును నేను కాదనను. బాస్టన్ చార్టర్లలో పేద పిల్లలు లెక్కల్లో బాగా ముందుకెళ్లారని పరిశోధనలు తేల్చాయి; చార్టర్ సీట్ల కోసం తీసే లాటరీలో తమ పిల్లలకు సీటు రాని తల్లిదండ్రుల ఆవేదనా నిజమే. అయినా ఏటా 12 కొత్త చార్టర్లకు దారి తెరిచే ప్రతిపాదనను 2016లో మసాచుసెట్స్ ఓటర్లు దాదాపు 62 శాతం మంది తోసిపుచ్చారు. వారి భయం అర్థంలేనిది కాదు. తరగతికి ఇద్దరు పిల్లలు వెళ్లిపోతే వారి వాటా నిధులూ వెంట పోతాయి. టీచరు జీతం, బస్సు, చలికాలపు హీటింగు ఖర్చు మాత్రం ఇసుమంతైనా తగ్గవు. ఆ లోటు కొంతకాలం పూడుస్తానని చట్టంలో రాసుకున్న మసాచుసెట్స్ రాష్ట్రమే ఏళ్ల తరబడి పూర్తిగా చెల్లించలేదు. 2019లో మరో చట్టం చేస్తే గానీ ఆ బాకీ దారిలో పడలేదు. అందుకే శాసనసభ్యులకు నా విన్నపం: మిగిలిపోయిన పిల్లల పద్దు లేని బిల్లుకు ఓటు వేయకండి.