పాత యిండ్లను బాగుచేయుటా? పాడుచేయుటా?

నాయకరాజుల ప్రస్తావన రాని సభ మన సంఘములలో లేదు. 1532 మొదలు 1673 వరకు తంజావూరు నేలిన ఆ ప్రభువులు, వారి కొలువున వెలసిన యక్షగానములు, వారి తరువాత వచ్చిన మహారాష్ట్ర రాజులు సైతము తెలుగును నెత్తిన పెట్టుకొన్న వైనము మనకు కంఠోపాఠములు. దండలు వేయుదుము, వందన సమర్పణ చేయుదుము, ఇండ్లకు పోవుదుము. ఆ యిండ్లను గూర్చి మాత్రము ఏ సభలోను ఎవరును నోరు మెదపరు. మూడు తరములో ఐదు తరములో మన పెద్దలు కాపురమున్న ఆ యిండ్లను ఏటికి కొన్ని చొప్పున మన చేతులతో మనమే చంపుచున్నాము. పడగొట్టుటను గూర్చి కాదు మేము చెప్పునది. పడగొట్టిన దానిని గూర్చి చెప్పుటకేమున్నది? బాగుచేయించితిమని గర్వముగా చెప్పుకొనుచు చేయుచున్న పనిమీదనే మా ఫిర్యాదు.

మేమును ఆ పని చేసిన వారమే. కావున ఈ మాటలు ఒడ్డున నిలిచి చెప్పునవి కావు.

తంజావూరులోని మా పూర్వుల యిల్లు మా పెదతండ్రిగారి నిర్యాణానంతరము పదునొకండేండ్లు తాళము పడియుండెను. చెన్నపట్టణమున ఉద్యోగము చాలించుకొని, 2019 వేసవిలో మేము, మా గృహిణి, మా అక్కగారు అందు ప్రవేశించితిమి. పాతయింట కొత్తగా చేరినవారిని చూడవచ్చు బంధువులు ఒట్టి చేతులతో రారు. తలకొక సలహా తెత్తురు. మండువాపై కాంక్రీటు పలక పోయించి గది చేసికొమ్మని ఒకరు. ఎర్రని నేలపై నిగనిగలాడు విట్రిఫైడు పలకలు పరపించుమని ఒకరు. వీథి అరుగు కొట్టించి కారు నిలుపుకొమ్మని వేరొకరు. మాకు కారు లేదు. ఆ సంగతి చెప్పినను, రేపు కొనవచ్చును గదా యనిరి. వాస్తు తెలిసిన పెద్దమనిషి యొకడు మండువాయే యింటికి అరిష్టమని తేల్చెను. ఆ మండువా క్రింద మా వంశమున ఎనుబది తొంబది యేండ్లు బ్రతికినవారు నలుగురున్నారని మేము విన్నవించితిమి. ఆయన మరి మాటాడలేదు, కాని ఫలహారమునకు మాత్రము ఆగెను.

వీనినన్నిటిని కాదన్నాము గాని, ఒక్కదానికి లొంగిపోతిమి. ఉత్తరపు గోడ అడుగున మూరెడు మేర సున్నము పొట్టురాలుచుండెను. కంట్రాక్టరు వ్రేలితో గీచి చూచి, పాత సున్నమంతయు దులిపివేసి సిమెంటు పూసి, పుట్టీ పెట్టి, ఎమల్షను రంగు వేసినచో ఏబదియేండ్లు తిరిగి చూడనక్కరలేదనెను. ఏబదియేండ్ల మాట వినగానే మాకు ఆశ పుట్టెను. పని వారము దినములలో ముగిసినది. గోడ అద్దమువలె నుండెను. వచ్చినవారందరు ఆ గోడనే మెచ్చుకొనిరి.

మొదటి యేడు ఎట్లో గడచినది. రెండవయేటి కార్తికమాసపు వానలలో ఆ అద్దము పొక్కులు పొక్కెను. పొక్కు చిదిపిన లోపల తెల్లని ఉప్పుపొడి. మునుపు మూరెడు ఎత్తుననున్న చెమ్మ ఇప్పుడు ఛాతివరకు ఎక్కియుండెను. కంట్రాక్టరును పిలిపింపగా, గోడ ముసలిదైనదనియు, పడగొట్టి కట్టుటయే మేలనియు చెప్పెను. గోడ వయసు రెండేండ్లలో అంత పెరిగినదా యని మేము అడుగలేదు, అడుగవలసినది.

తరువాత తెలిసికొన్న సంగతి యిది. మన పాతయిండ్ల పునాదిమీద తేమ నాపు పొర యేదియు లేదు. వత్తి నూనెను పీల్చినట్లు ఇటుక నేలలోని నీటిని పీల్చుచునే యుండును. పెద్దలు దాని నాపజూడలేదు. దానికి త్రోవ ఇచ్చిరి. సున్నపు పూత ఆ తేమను బయటికి వదలును, గాలి దాని నార్పును, తేమతో వచ్చిన ఉప్పు పూతమీద తేలి ఏటేటి వెల్లతో పోవును. పండుగకు వెల్లవేయుట వేడుకకే యని మనమనుకొంటిమి. అది గోడకు చేయు వైద్యము. సిమెంటు పూసితిమా, త్రోవ మూసికొనును. మూసినంత మాత్రమున నీరు నేలలోనికి మరలిపోదు గదా! త్రోవ దొరకువరకు పైపైకెక్కును. ఉప్పు లోపలనే గట్టిపడి ఇటుకను పొడిచేయును. రాలుచుండిన ఆ మూరెడు సున్నము రోగము కాదు. ఇటుకకు రావలసిన చేటును తానుగా అనుభవించు కవచమది. కవచమును ఊడదీసి, గోడ బలహీనముగా నున్నదని మనము తీర్పు చెప్పుచున్నాము.

సున్నపు స్వభావము చూడుడు. రాయిని కాల్చిన సున్నమగును. నీట చల్లార్చి గోడకు పూసినచో గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా గ్రహించి మరల రాయియే యగును. ఈ పని ఏండ్లకొలది సాగును. అందుచేత సన్నని నెరియలు తమంతనే కొంత పూడుకొనును. గోడ కొంచెము కదలిన, పూతయు కొంచెము కదలును. సిమెంటు పట్టినపట్టు విడువదు; గోడ కదలినచో తాను పగులును, ఇటుకను కూడ పెకలించుకొని పోవును.

కప్పు కథయు నిట్టిదే. మా యింటి ముందుభాగము మద్రాసు మిద్దె. టేకు దూలములపై అంగుళము మందము గల చిన్న ఇటుకలను అంచుమీద నిలిపి, ఐమూలగా సున్నముతో పేర్చి, దానిపై ఇటుకజల్లి కలిపిన సున్నమును మూడు నాలు గంగుళములు పరచి, బెల్లము, కరక్కాయ నానిన నీరు చిలుకరించుచు చెక్కబల్లలతో దినములకొలది కొట్టి, ఆపైన పలుచని పెంకుపలకలు పరచుదురు. ఈ మిద్దె రెండు చోట్ల కురియుచుండెను. కప్పంతయు తీసి కాంక్రీటు వేయవలెననియు, లేనిచో పైన సిమెంటు పొర యొకటి పోయవలెననియు ఇద్దరు చెప్పిరి. పోసియుంటిమేని ఆ బరువు దూలములకు, ఆ చెమ్మ దూలముల కొనలకు దక్కియుండును. మేము నిచ్చెన వేసికొని ఎక్కి చూచితిమి. ఒకచోట పిట్టగోడలో రావిమొక్క. వేరొకచోట తూములో మూడేండ్ల ఆకుచెత్త. మొక్కను వేళ్ళతో తీయించి, నెరియను సున్నముతో పూడ్పించి, తూము శుభ్రము చేయించితిమి. నాలుగు దినముల పని. ఆ యేడు చుక్క కురియలేదు.

వెనుకభాగపు పెంకులు మంగుళూరివి. బాసెల్ మిషనువారు 1865లో మంగుళూరున పెంకుల కర్మాగారము పెట్టిన పిమ్మట దక్షిణదేశమంతట ప్రాకిన పెంకులవి. మా తాతగారు నాటు పెంకులు దింపించి వీనిని వేయించిరట. నడుమ గది ఎర్రనేల సిమెంటుదే. అదియు ఆయన చేయించినదే. ఈ సంగతి ఎందుకు చెప్పుచున్నామనగా, పాతదానినెల్ల పూజింపుమని వాదించువారి పక్షమున మేము లేము. మా తాతగారును మరమ్మతు చేసిన మనిషియే. సిమెంటుమీద మాకు పగలేదు. నీటితొట్టికి, స్నానపుగదికి అంతకు మించినది లేదు. కాని ఆయన దానిని నేలకు వాడిరి, గోడకు పూయలేదు.

పాతయిండ్లను గూర్చి కన్నీరు కార్చు మరియొక వర్గము మనలో కలదు. వీరు బెంగుళూరిలోనో అమెరికాలోనో నివసింతురు. సెలవులలో వచ్చి మండువాలో నిలిచి ఫొటోలు తీసికొందురు. ఒక్క మేకు కొట్టరాదందురు. వీరిలో ఒకరైనను ఆ యింట వంటచేసిన వారు కారు. మా వంటయిల్లు చీకటికొట్టు. మా నాయనమ్మగారు, మా తల్లిగారు ఆ పొగలో కండ్లు పాడుచేసికొనిరి. మరుగుదొడ్డి పెరటి చివర, నూతికి ఆవల. వానలో, రాత్రివేళ, మోకాళ్ళ నొప్పులతో అంతదూరము నడువవలసిన మా అక్కగారితో ఇల్లు పవిత్రమని చెప్పుటకు మాకు నోరురాదు. ఆమెయే చెప్పినది: "తమ్ముడూ, మండువా నీ యిష్టము. మరుగుదొడ్డి మాత్రము నా యిష్టము." మరుగుదొడ్డిని లోపలికి తెచ్చితిమి. వంటయింటికి రెండు కిటికీలు కొట్టించితిమి, ఎత్తున గట్టు కట్టించితిమి. అశౌచపు దినములలో ఆడువారిని కూర్చుండబెట్టిన మూలగది గోడ తీయించి నడవలో కలిపివేసితిమి. దాని పేరు చెప్పుకొని ఏడ్చువారెవరును ఇంతవరకు మాకు కనబడలేదు.

కావున మా వాదము తేటగా నున్నది. ఇంటిలోని మనుష్యుల నడవడి మారినప్పుడు గదులు మారవలెను, మార్చుడు. ఇల్లు నీటిని, గాలిని నడపుకొను పద్ధతిని మాత్రము ముట్టకుడు. మండువా మూసినవారు తరువాత పగలే దీపములు వేసికొని, ఏ.సి. బిగించుకొని, వేడియనుచున్నారు. వేడిగాలి పైకిపోవుటకు పెద్దలుంచిన రంధ్రమును వారే పూడ్చుకొనిరి గదా! వానజల్లు పడునని భయమున్నచో చుట్టును చూరు మూరెడు పొడిగించుకొనవచ్చును. కోతులు దిగునన్నచో ఇనుప కమ్ములు వేసికొనవచ్చును. మేము రెండును చేసితిమి.

ఖర్చు మాట యెత్తుదురు. నిజమే, మాకు సున్నపుపని సిమెంటుపనికన్న ఇంచుమించు రెట్టింపు పట్టినది. సున్నము గోతిలో నానవలెను, ఇసుకతో గానుగాడవలెను, కరక్కాయ నీరు పులియవలెను, పూత పలుచగా ఒకదానిపై నొకటి ఆరవలెను. కాని ఉత్తరపు గోడకు మేము రెండుమార్లు ఖర్చుపెట్టితిమి. సిమెంటు పూయించుటకొకమారు, దానిని ఉలితో చెక్కించుటకొకమారు. ఆ లెక్క కంట్రాక్టరు కాగితములో ఉండదు. పనివారు దొరకరందురు. దొరకుట కష్టమే. మాకు దొరకిన మేస్త్రీ డెబ్బది దాటినవాడు. కొడుకులు ఇతర వృత్తులలో నున్నారు. మనము పని ఇయ్యకుండ, పనివాడు లేడని ఆక్షేపించుట ఏమి న్యాయము?

మన యింట విలువలేనిదని తీసివేసిన వస్తువు ఎక్కడికి పోవుచున్నదో చూడవలెనన్న కారైకుడి అంగళ్ళకు పోవుడు. టేకు స్తంభములు, చెక్కడపు ద్వారబంధములు, ఇత్తడి గొళ్ళెములు వరుసగా పేర్చియుండును. కొనువారు వానిని హోటళ్ళలో, విందు మందిరములలో నిలుపుచున్నారు. అక్కడ అవి "సంప్రదాయము". మన యింటనున్నంతవరకు చెదపట్టిన కట్టె.

చివరకు మా తప్పులలో పెద్దదానిని చెప్పవలసియున్నది. నడుమగదిలో గోడ అలమార కలదు. దాని తలుపు లోపలివైపున నాలుగు చేతివ్రాతలలో తెలుగు అక్షరములుండెను: పుట్టినవారి పేర్లు, తిథులు, నక్షత్రములు, పోయినవారి తిథులు, ఒకమూల కావేరి వరద వచ్చిన దినము, ఒకమూల, ఎవరి లెక్కయో, మూడు బస్తాల వడ్లు అప్పు. మొదటి వరుసలు మసిసిరాతో, కడపటివి మా పెదతండ్రిగారి పెన్సిలుతో. మా పిల్లలకు తెలుగు మాటాడుట వచ్చును, చదువుట రాదు. వారికి అక్షరములు ఆ తలుపుమీదనే నేర్పవచ్చునని మా గృహిణి అనుచుండెడిది. మేము రెండు దినములు చెన్నపట్టణము పోయివచ్చునప్పటికి రంగులవాడు శ్రద్ధగా, లోపలి వైపునకు సైతము, రెండు పూతల ఎనామెలు వేసియుంచెను. గీతలు మాసియున్నవి, శుభ్రము చేసితిననెను. అతని తప్పేమి? ఆ లిపి అతడెరుగడు. ఎరిగిన మేము ఊరిలో లేము. ఒక ఫొటోయైనను తీసియుంచలేదు. సరస్వతీ మహలులో తెలుగు తాటాకులు భద్రముగా నున్నవని సభలో చప్పట్లు కొట్టినవారమే మేము. ఆ గ్రంథాలయమునకు మా యింటికి నడుమ దూరము, నడచిన, పావుగంట.

రంగు గీకించి చూచితిమి. రెండు పేర్లు, ఒక నక్షత్రము బయటపడినవి. మిగిలినది మా అక్కగారు జ్ఞాపకము వచ్చినంతవరకు చెప్పగా, ఒక నోటుపుస్తకమున వ్రాసికొంటిమి. మూడు బస్తాల వడ్లు ఎవరివో ఆమెకును తెలియదు.

పాతయింట చేరినవారు ఒక సంవత్సరము ఏమియు పగులగొట్టక ఊరకుండుడని మా మనవి. తూములు తీయించుడు, విద్యుత్తు తీగెలు మార్పించుడు, చెదకు మందు పెట్టింపుడు, ఇవి ఆగరానివి. తలుపుల వెనుక, దూలములపై, అలమారల లోపల ఏమి వ్రాసియున్నదో చూడుడు. తక్కినదానికి ఒక వేసవి, ఒక వర్షకాలము గడవనిండు. ఏ గోడ చెమర్చునో, ఏ కిటికీనుండి గాలి వచ్చునో ఇల్లే చూపును.

మా ఉత్తరపు గోడ సగము వరకు మరల సున్నమైనది. తక్కిన సగము ఇంకను సిమెంటే. డబ్బు చాలక ఆపితిమి. వచ్చు చైత్రమున మొదలుపెట్టుదుము. సందేహమున్నవారు కార్తికమున, వాన పడుచున్న దినమున రావలెను. ఒక చేయి ఇటు, ఒక చేయి అటు వేసి చూడవచ్చును. మేస్త్రీయు సాయంకాలము అరుగుమీదనే కూర్చుండును.