ఆ వాంతులు ఎండదెబ్బవే అనుకోకండి

జుట్టు స్ట్రెయిటెనింగ్ చేయించుకున్న రోజో, మర్నాడో వాంతులు పట్టుకున్నాయా? నడుము దగ్గర, డొక్కల్లో నొప్పి లేచిందా? మూత్రం తగ్గిందా? అయితే అది ఎండదెబ్బ కాకపోవచ్చు, పెళ్లి భోజనం పడకపోవడమూ కాకపోవచ్చు. కిడ్నీలు దెబ్బతింటున్న సూచన కావచ్చు. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లి, పార్లర్‌లో జుట్టుకు మందు పెట్టించుకున్న సంగతి డాక్టరుకు చెప్పాలి. మిగతా వ్యాసం చదివే తీరిక లేకపోయినా ఈ ఒక్క మాట ఇంట్లోని ఆడపిల్లలకు చెప్పండి.

జనగామ, మానుకోట, భూపాలపల్లి 2016 అక్టోబరులో జిల్లా కేంద్రాలయ్యాయి. స్మూతెనింగ్ కోసం హన్మకొండ దాకా పోవాల్సిన పని ఇప్పుడు లేదు. మెయిన్ రోడ్డు మీద మేడపై గది, అద్దాల తలుపు, ఏసీ, గోడమీద సినిమా తార ఫొటో, దాని కింద ఆఫర్ ధర. పెళ్లిళ్ల సీజన్‌లోనూ బతుకమ్మ ముందూ ఆ మెట్ల మీద చెప్పులు పెట్టడానికి చోటుండదు. ఎంగేజ్‌మెంట్ కుదిరిన పిల్ల, ఆమె వెంట చెల్లె, వదిన. రింగుల జుట్టు పుట్టుకతో వచ్చిన తప్పేమీ కాదు. అయినా పెళ్లిచూపుల్లో ఎవరో ఒకరు అన్న మాట ఆ పిల్లను కుర్చీ దాకా నడిపిస్తుంది. ఆ మాట అన్నవాళ్లను ఏమీ అనలేం కానీ, కుర్చీలో కూర్చునే పిల్లకు చెప్పాల్సింది చాలా ఉంది.

బోర్డు మీద కెరాటిన్, బొటాక్స్, నానోప్లాస్టియా, రీబాండింగ్, స్మూతెనింగ్ అని రకరకాల పేర్లుంటాయి. ఆ పేరును బట్టి సీసాలో ఏముందో తెలియదు. కెరాటిన్ అంటే మన వెంట్రుకల్లో ఉండే ప్రొటీనే కాబట్టి మంచిదేనని నమ్ముతాం. వంకర జుట్టును నెలల తరబడి నిటారుగా నిలబెట్టేది ఆ ప్రొటీన్ కాదు, దానితో పాటు కలిపిన రసాయనం.

ఆ రసాయనాల్లో పాతది ఫార్మాల్డిహైడ్. నీళ్లలో కలిపితే ఫార్మాలిన్. ఈ మూడు ఊళ్లలోనూ ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. అక్కడ చదివే పిల్లలను అడగండి, శవాలు పాడవకుండా ఉంచే ఆ ద్రావకం వాసన కళ్లను ఎట్లా మండిస్తుందో చెబుతారు. 2004లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. జుట్టుకు పూసి రెండొందల డిగ్రీలు దాటిన ఐరన్‌తో నొక్కినప్పుడు ఇది ఆవిరై గదంతా నిండుతుంది. ఏసీ కోసం తలుపులు మూసిన గదిలో ఆ పొగ ఎక్కడికి పోతుంది?

'ఫార్మాల్డిహైడ్ లేదు' అని సీసా మీద రాసి ఉంటే నమ్మొచ్చా? 2010లో అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో, సెలూన్లలో పనిచేసేవాళ్లు కళ్లమంటలు, శ్వాస ఇబ్బందులు వస్తున్నాయని మొరపెట్టుకున్నారు. బ్రెజీలియన్ బ్లోఅవుట్ అనే పేరున్న సరుకును పరీక్షకు పంపితే, ఫార్మాల్డిహైడ్ లేదని రాసిన సీసాల్లోనే సగటున ఎనిమిది శాతానికి పైగా బయటపడింది. మరుసటి ఏడాది అక్కడి ఎఫ్‌డీఏ ఆ కంపెనీకి హెచ్చరిక లేఖ పంపింది. తనిఖీలు గట్టిగా జరిగే దేశంలోనే లేబుల్ అబద్ధం చెప్పిందంటే, లేబులే లేని డబ్బా సంగతి వేరే చెప్పాలా!

ఫార్మాల్డిహైడ్‌కు చెడ్డపేరు వచ్చాక దాని స్థానంలోకి గ్లైఆక్సిలిక్ యాసిడ్ దిగింది. ఇప్పుడు అసలు భయం దీనితోనే. నెత్తి చర్మం గుండా ఒంట్లోకి దిగితే ఇది ఆక్సలేట్‌గా మారుతుంది. ఆ ఆక్సలేట్ కాల్షియంతో కలిసి కిడ్నీ గొట్టాల్లో స్ఫటికాలుగా పేరుకుంటుంది. ఇజ్రాయెల్ వైద్యులు స్ట్రెయిటెనింగ్ తర్వాత కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతిన్న 26 మంది వివరాలను 2023లో ప్రచురించారు. ఎక్కువమంది వయసులో ఉన్నవాళ్లే. ముగ్గురికి తాత్కాలికంగా డయాలసిస్ చేయాల్సి వచ్చింది. 2024 మార్చిలో ఫ్రాన్స్ డాక్టర్లు ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో 26 ఏళ్ల యువతి కథ రాశారు. 2020 జూన్‌లో, 2021 ఏప్రిల్‌లో, 2022 జూలైలో మూడుసార్లు ఆమె కిడ్నీలు దెబ్బతిన్నాయి. మూడుసార్లూ అంతకుముందు సెలూన్‌కు వెళ్లి జుట్టు సాపు చేయించుకుంది. క్రీము పెట్టేటప్పుడు నెత్తి మండింది, పుండ్లు పడ్డాయి. వాంతులు, విరేచనాలు, జ్వరం, నడుంనొప్పి వచ్చాయి. ఆ క్రీములో పది శాతం గ్లైఆక్సిలిక్ యాసిడ్ ఉంది. అదే క్రీమును ఎలుకల వీపు మీద పూస్తే వాటి కిడ్నీల్లోనూ స్ఫటికాలు కనిపించాయి.

మూడోసారి దాకా ఆమె ఎందుకు మళ్లీ మళ్లీ వెళ్లింది? జుట్టుకూ కిడ్నీకీ లంకె ఉంటుందని తోచకపోవడం వల్లే కావచ్చు. మన దగ్గర ఆ లంకె మరింత తొందరగా తెగిపోతుంది. పొద్దంతా పార్లర్‌లో కూర్చుని వచ్చిన పిల్ల రాత్రి వాంతులు చేసుకుంటే, ఎండకు తిరిగిందనో, దిష్టి తగిలిందనో అంటాం. ఊళ్లో ఆర్‌ఎంపీ ఓ సెలైన్ ఎక్కించి, నడుంనొప్పికి డైక్లోఫెనాక్ సూది వేస్తాడు. అప్పటికే దెబ్బతిన్న కిడ్నీ మీద ఆ నొప్పి సూది మరో దెబ్బ. అందుకే అడుగుతున్నా, ఆ సూది వేయించుకోకండి. జిల్లా ఆసుపత్రికో, వరంగల్ ఎంజీఎంకో వెళ్లి సీరం క్రియాటినిన్ చూడమనండి. అది మామూలు రక్తపరీక్షే. వేళకు గుర్తిస్తే చాలామంది కోలుకుంటారు, ఇజ్రాయెల్ అనుభవం అదే చెబుతోంది.

"పైన పూసుకునేదే కదా, లోపలికేం పోతుంది" అనేవాళ్లు కేరళను చూడాలి. మలప్పురం జిల్లాలో తెల్లబడతామని పాదరసం కలిసిన క్రీములు పూసుకున్నవాళ్లకు కిడ్నీ జబ్బు వచ్చినట్లు అక్కడి డాక్టర్లు 2023లో బయటపెట్టారు. వాళ్లు మింగింది ఏమీ లేదు.

క్యాన్సర్ గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అమెరికాలో 33 వేలకు పైగా మహిళలను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం 2022లో వెలువడింది. స్ట్రెయిటెనర్లు వాడనివాళ్లలో 70 ఏళ్లొచ్చేసరికి గర్భాశయ క్యాన్సర్ ముప్పు 1.64 శాతమని, తరచూ వాడేవాళ్లలో 4.05 శాతమని అది అంచనా వేసింది. ఒక్కసారి చేయించుకుంటే క్యాన్సర్ వస్తుందని దీని అర్థం కాదు. తరచూ చేయించుకోవడం మంచిది కాదని మాత్రం అర్థం.

ఇక్కడే 'పర్మనెంట్' అనే మాట మోసం చేస్తుంది. మందు పెట్టిన వెంట్రుక మాత్రమే నిటారుగా ఉంటుంది. కుదురు నుంచి నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున వచ్చే కొత్త జుట్టు మళ్లీ రింగులే. బతుకమ్మకు చేయించుకుంటే ఉగాదికల్లా పైన వంకీలు, కింద గీతలు. దాంతో మళ్లీ పార్లర్, మళ్లీ రసాయనం. ఫార్మాల్డిహైడ్ లేని రీబాండింగ్ క్రీములు వెంట్రుకలోని గంధకపు బంధాలను తెంచి, సాగదీసి, మళ్లీ కలుపుతాయి. కాస్త ఎక్కువసేపు ఉంచితే వెంట్రుక పుటుక్కున తెగుతుంది. ఈమధ్యే బ్లీచ్ చేసిన జుట్టయితే మరీను.

పార్లర్ నడిపే అక్కల మీద నాకు కోపం లేదు. అప్పుచేసి కుర్చీ, ఐరన్ కొనుక్కున్న ఆడవాళ్లు. నువ్వు ఏడాదికి ఒకసారి పీల్చే పొగను ఆమె రోజూ పీలుస్తుంది. ఏజెంటు తెచ్చిచ్చిన డబ్బాలో ఏముందో ఆమెకూ ఎవరూ చెప్పలేదు. అక్కా, నీ కోసమైనా కిటికీ తెరువు.

కుర్చీలో కూర్చునే ముందు సీసా చేతికి తీసుకుని వెనకవైపు ఫొటో తీసుకోండి. తయారీదారు చిరునామా, లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, వాడాల్సిన గడువు, ఏమేం కలిపారో జాబితా ఉండాలి. విదేశీ సరుకైతే దిగుమతి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఫార్మాలిన్, మిథిలీన్ గ్లైకాల్, గ్లైఆక్సిలిక్ అనే మాటలు కనిపిస్తే వద్దనండి. వేరే డబ్బాలోకి ఒంపిన క్రీమైతే లేచి వచ్చేయండి. అడ్వాన్స్ పోతే పోనీ. నెత్తి మీద గాయాలున్నా, గర్భంతో ఉన్నా, పాలిస్తున్నా, ఆస్తమా, కిడ్నీ జబ్బు ఉన్నా అసలు వెళ్లొద్దు. మధ్యలో నెత్తి మండితే "అందరికీ అట్లనే అయితది" అన్న మాట వినకండి, అప్పుడే కడిగేయమనండి. పెళ్లి ఒక్కరోజుకైతే ఏ మందూ లేకుండా ఉత్త ఐరన్‌తో సాపు చేయించుకుంటే చాలు.

ఔషధ నియంత్రణ అధికారులకూ ఒక మాట. సౌందర్య సాధనాల మీద అధికారం మీదే. మెడికల్ షాపుల్లో చేసే తనిఖీలు ఈ మూడు జిల్లాల్లో పార్లర్లకు సరుకు వేసే హోల్‌సేల్ దుకాణాల్లోనూ చేయండి, శాంపిళ్లు తీసి ల్యాబుకు పంపండి, ఫలితాలు జనానికి చెప్పండి. పెళ్లిళ్ల సీజన్ అయిపోయాక చేస్తే ఉపయోగం లేదు.

అనుమానం ఉన్న సరుకు గురించి రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగం టోల్‌ఫ్రీ నంబరు 1800-599-6969కు, సేవలో నష్టపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. బిల్లు, సీసా ఫొటో దాచిపెట్టుకోండి.