మూడు వేళ్ల పరీక్ష



కొన్నేళ్ల క్రితము దివిసీమలోని ఒక చిన్న సంఘములో ప్రభు సంస్కారము ఇస్తున్నాను. క్రొత్తగా బాప్తిస్మము పొందిన ఒక అమ్మాయి రొట్టె ముక్కను గోటితో తుంచి, పళ్ల సందులోనుండి లోపలికి నెట్టుకొన్నది. ఆమె నోరు తెరుచుకోదు. ఐదేళ్లప్పుడు కాలువ రేవు మెట్ల మీద పడి గడ్డము పగిలింది. గాయము మానింది గాని, నోరు ఏటేటా మూసుకుపోయింది. చిన్ననాటినుండి ఆమె తలపై చేయి ఉంచి ప్రార్థించాను. డాక్టరుకు చూపించండని ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆ ఆదివారము నా మనస్సాక్షి నన్ను గద్దించింది.

గడ్డమునకు తగిలిన దెబ్బకు చెవి ముందున్న దవడ కీలు విరగవచ్చు. అక్కడ చేరిన నెత్తురు క్రమముగా ఎముకగా మారి, దవడను పుర్రెకు అతికించివేస్తుంది. చెవిలో పట్టిన చీము కీలుకు ప్రాకినా ఇలాగే జరుగవచ్చు. బిడ్డకు గడ్డము ఎదగదు, ముఖము వంకర పోతుంది, నిద్రలో ఊపిరి అడ్డుపడుతుంది.

ఇలా అతికిన కీలుకు మందుబిళ్లలు పనిచేయవు; ఆపరేషనే మార్గము. అతికిన ఎముకను కోసి తీసివేస్తారు. ఎదిగే పిల్లలకు తరచుగా వారి ప్రక్కటెముక ముక్కనే అమర్చుతారు. అది బిడ్డతోపాటు ఎదుగగలదు. కృత్రిమ కీలు ఎదగదు గనుక దానిని సాధారణముగా పెద్దవారికే పెడతారు. దాని గిన్నె గట్టి ప్లాస్టిక్కు. అందులో తిరిగే భాగము లోహము.

క్రొత్తదంతా మంచిది కాదు. 1980లలో అమెరికాలో అనేకులకు టెఫ్లాను కలిసిన పలకలను దవడ కీలులో పెట్టారు. అవి అరిగి, చుట్టూ ఉన్న ఎముకను పాడుచేశాయి. 1991లో అక్కడి ప్రభుత్వము వాటిని వెనక్కి రప్పించింది. కనుక ఏ కీలు పెడతారు, ఎందుకు, ఎన్నాళ్లు ఉంటుందని డాక్టరును అడగడము అవిశ్వాసము కాదు. నొప్పి లేకుండా దవడ టిక్కుమన్నంత మాత్రాన ఆపరేషను అక్కరలేదు.

ఆ అమ్మాయికి ఆపరేషను జరిగింది. అసలు కష్టము ఆ తరువాతే. నోరు తెరిచే వ్యాయామము నెలల తరబడి చేయకపోతే కీలు మళ్లీ అతుక్కుంటుంది. పుల్లలు ఒకదానిపై ఒకటి పళ్ల మధ్య పెట్టుకొని ఆమె ఏడుస్తూ చేసేది; తల్లి ప్రక్కన కూర్చుని లెక్కపెట్టేది.

తల్లులారా, తండ్రులారా, ఈ రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక మీ బిడ్డ తన మూడు వేళ్లను ఒకదానిపై ఒకటిగా ముందు పళ్ల మధ్య పెట్టుకోగలడో లేదో చూడండి. పట్టకపోతే, ఏడాదికేడాది తగ్గుతుంటే, ఆలస్యము చేయవద్దు. విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రిలో చూపించండి. ప్రభుత్వ పథకము వర్తిస్తుందేమో అక్కడే అడగండి. గాయమైన కొద్దిరోజులకే ఉన్నట్టుండి దవడ బిగిస్తే అది ధనుర్వాతము కావచ్చు, తెల్లవారేవరకు ఆగవద్దు.

పౌలు ప్రేమించిన జతపనివాడు లూకా వైద్యుడే. ప్రార్థించిన చేతులే బిడ్డను బస్సు ఎక్కించాలి.

ఆ అమ్మాయి గడ్డము నేటికీ చిన్నదే. అయితే ఇప్పుడు రొట్టెను తుంచుకోదు.