ఢిల్లీ లేఖ: ఓటు రహస్యం, కారణం కూడా రహస్యమేనా?

ఇటీవల స్వస్థలానికి వెళ్ళినప్పుడు ఒక పాతమిత్రుడు కుశలప్రశ్నలైనా ముగియకముందే నన్ను నిలదీసినంత పని చేశాడు. “మనవాడు పోటీ చేస్తే మనవాళ్ళే ఎందుకు ఓటు వెయ్యలేదయ్యా? అంతకాలంగా ఢిల్లీలో వుండి నువ్వు చూసిందేమిటి?” అన్నాడు. ఆయన ప్రస్తావించినది 2025 సెప్టెంబరు 9న జరిగిన ఉపరాష్ట్రపతి ఎన్నికను. అందులో శ్రీ సి.పి. రాధాకృష్ణన్‌కు 452 ఓట్లు, సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి శ్రీ బి. సుదర్శన్ రెడ్డికి 300 ఓట్లు వచ్చాయి. తెలుగుదేశం, జనసేన, వై.ఎస్.ఆర్. కాంగ్రెసు పార్టీలు శ్రీ రాధాకృష్ణన్‌ను బలపరచాయి. భారత రాష్ట్ర సమితి తెలంగాణలో యూరియా కొరతకు నిరసన అని చెప్పి ఓటింగుకు దూరంగా వున్నది. తెలుగువాడైన అభ్యర్థికి తెలుగునాట బాహాటంగా అండగా నిలిచినవి కాంగ్రెసు, మజ్లిస్ పార్టీలు.

మిత్రుని ప్రశ్న తెలుగుతనాన్ని గురించినదే అయినా, నా మనస్సు బస్తర్ మీదికి పోయింది. ఆ ఎన్నికలో అభ్యర్థి యోగ్యతను గురించి వాదమంటూ జరిగితే అది బస్తర్ పేరు మీదనే జరిగింది. సల్వాజుడుం కేసులో 2011 జులై 5న తీర్పు చెప్పిన ధర్మాసనంలో శ్రీ సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ వున్నారు. ఆ తీర్పే రాకుంటే 2020కి ముందే మావోయిస్టుల బెడద తీరిపోయి వుండేదని హోంమంత్రి శ్రీ అమిత్ షా ఆగస్టులో ఆరోపించారు. అది సుప్రీంకోర్టు తీర్పే గాని తన సొంత పత్రం కాదని, హోంమంత్రి దానిని పూర్తిగా చదివితే బాగుండునని శ్రీ రెడ్డి జవాబిచ్చారు. మాజీ న్యాయమూర్తులు రెండు పక్షాలుగా ప్రకటనలు చేశారు. మావోయిస్టుల హింసకు గురైన బస్తర్‌వాసులు ఢిల్లీ వచ్చి, శ్రీ రెడ్డికి ఓటు వేయవద్దని పార్లమెంటు సభ్యులను వేడుకున్నారు. కాళ్ళు పోగొట్టుకున్నవారి బాధను శంకించే హక్కు ఎవరికీ లేదు. అయితే ఆ బాధను విని ఓటు నిర్ణయించుకున్న సభ్యుడు ఒక్కడైనా వున్నాడా అన్నది నా సందేహం.

రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి ఎన్నికలలో ఓటరుకు వున్న స్వేచ్ఛ చట్టసభలో వేసే మామూలు ఓటుకు లేదు. ఓటు రహస్యం. పార్టీ విప్ జారీ చేయడానికి వీలులేదు. ఫిరాయింపుల నిషేధ చట్టం ఇక్కడ వర్తించదు. వ్యక్తిని చూసి ఎన్నుకోవాలన్నదే రాజ్యాంగకర్తల ఉద్దేశమని దీనినిబట్టి గ్రహించవచ్చు. వ్యక్తిని చూడాలంటే అతని చరిత్రను చూడాలి. న్యాయమూర్తికి చరిత్ర అంటే తీర్పులే. కనుక సల్వాజుడుం తీర్పు చర్చకు రావడంలో తప్పులేదు. కాని ఏ చర్చ జరిగింది?

అయిదో తరగతి చదువుతో సరిపెట్టి గిరిజన యువకులను స్పెషల్ పోలీసు అధికారులుగా చేర్చుకుని, చేతికి తుపాకి ఇచ్చి, నెలకు మూడువేల రూపాయల గౌరవవేతనంతో మావోయిస్టులమీదికి పంపడం రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకు విరుద్ధమన్నది ఆ తీర్పు సారాంశం. వారినుంచి ఆయుధాలు వెనక్కు తీసుకోవాలని రాష్ట్రాన్ని, ఆ నియామకాలకు డబ్బు ఇవ్వరాదని కేంద్రాన్ని న్యాయస్థానం ఆదేశించింది. మావోయిస్టులతో పోరాడవద్దని అనలేదు; చట్టబద్ధంగా పోరాడమన్నది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం అదే సంవత్సరం సహాయక సాయుధ పోలీసు దళానికి చట్టం చేసి ఆ యువకులనే అందులో చేర్చుకున్నది. ఆ చట్టం కోర్టు ధిక్కారం కాదని సుప్రీంకోర్టు 2025 మే నెలలో తేల్చి, వ్యాజ్యాన్ని ముగించింది. ఉపరాష్ట్రపతి ఎన్నికకు నాలుగు నెలల ముందు మాట ఇది. తీర్పు వల్ల పోరాటం ఆగిపోయిందని చెప్పేవారు ఈ చట్టాన్ని గురించి కూడా చెప్పవలసి వుండింది.

ఇక తీర్పును నెత్తిన పెట్టుకున్న ప్రతిపక్షం సంగతి. 2005లో సల్వాజుడుంకు నాయకత్వం వహించిన మహేంద్ర కర్మ కాంగ్రెసువారే. అప్పటి శాసనసభలో ప్రతిపక్ష నాయకులు. దానికి కొమ్ముకాసిన రాష్ట్ర ప్రభుత్వం భారతీయ జనతాపార్టీది. 2011లో కోర్టు చేత మందలింపు తిన్న కేంద్ర ప్రభుత్వం కాంగ్రెసు నాయకత్వంలోనిది. కర్మ 2013 మే 25న జీరం లోయలో మావోయిస్టుల చేతిలోనే హతులయ్యారు. ఇంత చరిత్ర వున్నప్పుడు ఒక పార్టీ తీర్పును తిట్టడానికీ, మరొక పార్టీ కొనియాడడానికీ ముందు తమ తమ పాత్రను చెప్పుకోవలసింది. ఎవరూ చెప్పుకోలేదు.

ఓటును నిర్ణయించినది తీర్పు కాకపోతే, ప్రాంతమా? కులమా? ప్రాంతమని చెప్పలేము. ముఖ్యమంత్రి శ్రీ రేవంత్ రెడ్డి, 1991లో నంద్యాలలో పి.వి. నరసింహారావుపై ఎన్.టి. రామారావు పోటీ పెట్టకపోవడాన్ని గుర్తుచేస్తూ తెలుగు పార్టీలన్నింటికీ విజ్ఞప్తి చేశారు. ఫలితం మనం చూశాము. జాతి అని కూడా చెప్పలేము. 2022లో శ్రీమతి ద్రౌపది ముర్ము గిరిజన మహిళ అన్న కారణం చెప్పి ఆంధ్రప్రదేశ్‌లో అధికారపక్షమూ ప్రతిపక్షమూ ఒక్కటయ్యాయి. అక్కడి శాసనసభనుంచి శ్రీ యశ్వంత్ సిన్హాకు ఒక్క ఓటూ రాలేదు. అదే సమయంలో బస్తర్ ప్రాంతపు 12 శాసనసభ స్థానాలూ కాంగ్రెసు చేతిలో వున్నాయి. వాటిలో 11 గిరిజనులకు కేటాయించినవి. ఛత్తీస్‌గఢ్‌లో కాంగ్రెసు బలం 71, శ్రీ సిన్హాకు వచ్చిన ఓట్లు 69. అంటే దేశానికి తొలి గిరిజన రాష్ట్రపతిని ఎన్నుకునే అవకాశం చేతికందినా, అక్కడి గిరిజన సభ్యులలో అత్యధికులు పార్టీ గీత దాటలేదు. జార్ఖండ్‌లో కాంగ్రెసుతో కలిసి ప్రభుత్వం నడుపుతున్న ముక్తిమోర్చా శ్రీమతి ముర్మును బలపరచిన మాట నిజమే. అదీ పార్టీ తీసుకున్న నిర్ణయమే గాని సభ్యుల ఇష్టానికి విడిచిపెట్టినది కాదు. గీత దాటితే ఏమవుతుందో బస్తర్‌వారికి తెలియనిది కాదు. 2012లో శ్రీ పి.ఎ. సంగ్మాను గిరిజన అభ్యర్థిగా బలపరచినందుకు ఆ ప్రాంతపు పాత కాంగ్రెసు నాయకుడు, కేంద్ర మాజీమంత్రి శ్రీ అరవింద్ నేతాంను పార్టీ సస్పెండ్ చేసింది.

కనుక నా మిత్రునికి నేను చెప్పగలిగిన జవాబు ఇంతే. ఢిల్లీలో అధికారం ఎవరిది, వారితో తమ పార్టీకి రేపు పని ఏమిటి అన్న లెక్క ముందు తేలుతుంది. కారణం తరువాత వెతుకుతారు. 2022లో దొరికిన కారణం సామాజిక న్యాయం. 2025లో తెలుగుతనం దొరికినా అది అక్కరకు రాలేదు.

అంతరాత్మను బట్టి ఓటు వేసిన కాలం ఒకటి వుండేదని పెద్దలు 1969ని చూపుతారు. ఆ ఏడాది పోటీ ఇద్దరు తెలుగువారి మధ్యనే నడిచింది. మొదటి లెక్కింపులో వి.వి. గిరికి 4,01,515, నీలం సంజీవరెడ్డికి 3,13,548 విలువగల ఓట్లు వచ్చాయి; ద్వితీయ ప్రాధాన్యాలు కలిపిన తరువాతనే గిరి గెలిచారు. కాని ఆ అంతరాత్మ ప్రబోధానికి పిలుపునిచ్చినది ప్రధాని ఇందిరాగాంధీ. అంతరాత్మకు కూడా ఒకరి ఆదేశం కావలసి వచ్చిందంటే, దానిని స్వర్ణయుగమని పొగడనక్కరలేదు. 2025లో స్వేచ్ఛ మరొక రూపం ధరించింది. తమవారు 315 మంది ఓటు వేశారని ప్రతిపక్షం చెప్పుకున్నది. పెట్టెలో తేలినవి 300. చెల్లని ఓట్లు 15. ప్రథమ ప్రాధాన్యం గుర్తించడం రాని పార్లమెంటు సభ్యులు ఇందరున్నారని నేను నమ్మలేను.

ఈ లెక్కలలో బస్తర్ స్థానం ఏమిటి? మొత్తం 781 మంది ఓటర్లలో బస్తర్, కాంకేర్ లోక్‌సభ సభ్యులవి రెండు ఓట్లు. ఇద్దరూ భారతీయ జనతాపార్టీవారే. తీర్పు వచ్చిన తరువాత ఒకసారి భద్రాచలంనుంచి చింతూరు మీదుగా కుంట వెళ్ళాను. దారిలో, సల్వాజుడుం రోజులలో శబరి దాటి వచ్చిన గొత్తికోయల గుడిసెల దగ్గర ఆగాను. సుప్రీంకోర్టు తీర్పు గురించి ఒక పెద్దాయనను అడిగితే ఆయనకు తెలియదు. ఇక్కడ తమకు రేషన్ కార్డు ఇస్తారా అని నన్నే తిరిగి అడిగారు. అటువంటివారికి నేటికీ మన రెండు రాష్ట్రాలలో గిరిజన ధ్రువపత్రం, సాగుచేసుకునే భూమికి పట్టా దొరకడం గగనమే. బస్తర్‌పై అంత వాదం జరిగిన ఆ ఆగస్టు, సెప్టెంబరు రోజులలో ఈ మనుషుల ప్రస్తావన ఏ తెలుగు సభ్యుని నోటా నేను వినలేదు.

పార్టీ నిర్ణయాన్ని బట్టి ఓటు వేయడం నేరం కాదు. పార్టీలే లేకుండా పార్లమెంటు నడవదు. నా అభ్యంతరం వేరు. నిర్ణయం అవసరాన్ని బట్టి చేసి, దానికి బస్తర్ మృతులను సాక్షులుగా పిలవడం న్యాయం కాదు. తీర్పు తప్పని నమ్మినవారు ఏ పేరా తప్పో చెప్పాలి. ఒప్పని నమ్మినవారు దానిని తాము అధికారంలో వుండి ఎందుకు ప్రతిఘటించారో చెప్పాలి. రాజ్యాంగం రహస్యంగా వుంచమన్నది ఓటుపై పెట్టే గుర్తును మాత్రమే. కారణాన్ని దాచుకొమ్మని ఎక్కడా చెప్పలేదు. ఈసారి మీ సభ్యుడు ఊరికి వచ్చినప్పుడు నా మిత్రుడు నన్ను అడిగిన ప్రశ్న ఆయననే అడగండి. జవాబు చెప్పవలసినవాడు ఆయనే.